యాంటెన్నా ఆపాకే మనిషిని ఎక్కించండి

సంపాదకులకు నమస్కారం.

నేను టవర్లెక్కి యాంటెన్నాలు బిగించే పని చేస్తాను. మా బృందంలో కొత్తగా పెళ్లయిన కుర్రాళ్లే ఎక్కువ. పిల్లలు ఆలస్యమైతే ముందు భార్యకే పరీక్షలు చేయిస్తారు. మగవాడు చేసే పనేమిటని డాక్టరు కూడా అడగడు. అడగాలి.

జేబులో సెల్‌ఫోన్ గురించి అందరికీ టెన్షనే. నడుస్తున్న యాంటెన్నాకు ఎదురుగా మూరెడు దూరంలో నిలబడేవాడి సంగతి వేరు. రేడియో తరంగాలు ఎక్స్‌రేల్లాంటివి కావు, కానీ మోతాదు మించితే ఒంటిని వేడెక్కిస్తాయి. వృషణాలు మిగతా ఒంటికన్నా రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉంటేనే వీర్యకణాలు సరిగా తయారవుతాయి. నార్వే నౌకాదళ సిబ్బందిపై 2008లో వచ్చిన అధ్యయనంలో, హై ఫ్రీక్వెన్సీ యాంటెన్నాలకు దగ్గరగా పనిచేశామన్నవారిలో సంతానలేమి ఎక్కువగా కనిపించింది. అయితే ఆ వివరాలన్నీ వాళ్లు సొంతంగా చెప్పినవే కాబట్టి దాన్ని రుజువు అనలేం.

అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం ఒళ్లు పీల్చుకునే రేడియో శక్తికి శరీరం మొత్తం మీద సగటు పరిమితి సిబ్బందికి ఒంటి బరువులో కిలోకు 0.4 వాట్లు, జనానికి 0.08. అంటే మాకు ఐదు రెట్లు. శిక్షణ పొందినవాడు, ప్రమాదం తెలిసినవాడు అన్న లెక్కతో ఇచ్చిన వెసులుబాటు అది. ఆ శిక్షణ ఏదండీ అని మా సూపర్‌వైజర్‌ను అడిగితే హెల్మెట్ చూపించాడు!

మనిషి ఎక్కేముందు ట్రాన్స్‌మిటర్ ఆపాలి, కనీసం పవర్ తగ్గించాలి. రేడియో తరంగాల మోతాదు చూపే, ఒంటికి తగిలించుకునే మీటర్లు ఇవ్వాలి. వీర్యకణాలు తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది కనుక, పరీక్షలో తేడా వస్తే అంతకాలం కింద పని ఇచ్చి మళ్లీ పరీక్ష చేయించాలి, జీతం కోయకుండా.

ఇట్లు,
ఒక టవర్ టెక్నీషియన్