పిల్లల పేజీకి సరే, శ్రద్ధాంజలికి ఆ ఫాంటు ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పిల్లల పేజీ శీర్షికలు ఈ మధ్య చేతిరాత లాంటి ఫాంటులో వేస్తున్నారు, చాలా బాగుంది. కానీ పోయిన వారం అదే ఫాంటు జిల్లా పేజీలో శ్రద్ధాంజలి ప్రకటనకీ వేశారు. తలకట్లు గెంతుతున్నాయి, కొమ్ములు వంకర్లు పోతున్నాయి, కిందేమో దండ వేసిన పెద్దాయన ఫొటో. మా నాన్న కళ్లజోడు సర్దుకుని "ఏంట్రా ఇది, బారసాలా?" అన్నారు.

నేను గుంటూరు బ్రాడీపేటలో డీటీపీ పని చేస్తాను. ఆ రకం ఫాంట్లంటే నాకూ ఇష్టమే. బాపు గారి రాతని ఫాంటు చేశాక మా దగ్గర పెళ్లి కార్డు అడిగేవాళ్లలో సగం మంది "అదే వెయ్యండి" అంటారు. యూనికోడ్‌లో (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు కనిపించే పద్ధతి) అమెరికా తెలుగువాళ్ల సంస్థ సిలికానాంధ్ర ఉచితంగా ఇచ్చిన ఫాంట్లలో లక్కిరెడ్డి అని ఒకటుంది, పురుషోత్ కుమార్ గుత్తుల గారు చేసింది, ఆహ్వానపత్రికలకీ పోస్టర్లకీ పెద్ద సైజులో పెడితే కళగా ఉంటుంది. పెద్ద సైజులో అని ఎందుకంటున్నానంటే, చిన్న సైజులో పెట్టి నేనే ఒకసారి దెబ్బతిన్నాను. ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మే ఒకావిడకి సీసా మూత మీద లేబుల్ చేసిచ్చాను, ముచ్చటగా ఉంటుందని అలాంటి ఫాంటే వాడాను. స్క్రీన్ మీద బాగానే ఉంది, ప్రింటు తీస్తే 'ప' మీద తలకట్టు కిందికి అంటుకుపోయి 'వ' అయి కూర్చుంది. ఆవిడ మూత నా ముందు పెట్టి "వండుమిరవ వచ్చడి" అని పైకి చదివి వినిపించింది. వంద లేబుళ్లు మళ్లీ నా ఖర్చుతోనే వేసిచ్చాను.

సందర్భం చూడకుండా వేసే ఈ తంటా ఇంగ్లిష్‌లో కామిక్ శాన్స్ అనే ఫాంటుకీ ఉంది. 1994లో మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే విన్సెంట్ కొనేర్, తెర మీద ఓ బొమ్మ కుక్క టైమ్స్ న్యూ రోమన్ అక్షరాల్లో మాట్లాడుతుంటే చూసి, కుక్క ఇలా మాట్లాడటమేంటని కామిక్ పుస్తకాల అక్షరాల్లా దాన్ని గీశాడు. తర్వాత చాలా కంప్యూటర్లలో ఉండేసరికి జనం నోటీసులకీ బోర్డులకీ కూడా వాడేశారు. 2012లో యూరప్‌లోని సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధన సంస్థలో, హిగ్స్ బోసాన్ అనే అతిసూక్ష్మ కణం సంగతి ప్రకటించిన స్లైడ్లలోనూ అదే, అంత పెద్ద వార్త వదిలేసి ఫాంటు మీద జోకులు వేసినవాళ్లున్నారు. పాపం దాని తప్పేముంది, చదవడం కష్టమయ్యే పిల్లలకి అది కాస్త తేలికని చెప్పేవాళ్లూ ఉన్నారు.

ఇంకొకటి, ఇది చాదస్తం అనుకున్నా సరే. చేత్తో రాస్తే 'అమ్మమ్మ'లో రెండు 'మ్మ'లూ ఒకేలా రావు. ఫాంటులో అచ్చు గుద్దినట్టు వస్తాయి. రెండు మాటల శీర్షికలో అది ఎవరికీ తెలియదు, కథంతా అందులోనే పెడితే మాత్రం కళ్లకి తెలిసిపోతుంది, పైగా వత్తులు కింది లైనుకి తగులుతాయి. కాబట్టి పిల్లల పేజీలో శీర్షిక వరకే ఉంచండి, తీసెయ్యకండి. శ్రద్ధాంజలికి మాత్రం మీ పాత ఫాంటే వెయ్యండి.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటర్,
బ్రాడీపేట, గుంటూరు