ఫ్లెక్సీలపై అక్షరాలను చదవనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

పెళ్లిళ్ల సీజన్ మొదలైతే రావులపాలెం నుంచి అమలాపురం వరకు ప్రతి సెంటర్‌లోనూ ఫ్లెక్సీలు వెలుస్తాయి. వాటిపై ఫోటోలు బాగానే ఉంటున్నాయి గానీ, అక్షరాలకు చేసే అలంకరణ శ్రుతి మించి అసలు విషయం చదవడమే కష్టమవుతోంది.

డిజైన్ సాఫ్ట్‌వేర్ ఫోటోషాప్‌లో లేయర్ స్టైల్ కింద ఉండే స్ట్రోక్ (అంచు గీత), బెవెల్ అండ్ ఎంబాస్ (ఉబ్బెత్తు రూపం), డ్రాప్ షాడో (నీడ), ఔటర్ గ్లో (చుట్టూ వెలుగు), అన్నింటినీ ఒకే పేరు మీద గుప్పించడం డిజైనర్లకు అలవాటైంది. తలకట్టుకూ కింది భాగానికీ నడుమ ఉండే సన్నని సందే 'ప'ను 'వ' నుంచి వేరు చేస్తుంది. స్ట్రోక్ మందం పెంచితే ఆ సందు పూడిపోయి, దూరం నుంచి చూసేవారికి 'పెళ్లి' కాస్తా 'వెళ్లి' అయి కూర్చుంటుంది. నీడను కిందికి ఎక్కువగా జరిపితే పై వరుస ఒత్తుల నీడ కింది వరుస గుడుల మీద పడుతుంది కనుక, తెలుగుకు వరుసల మధ్య ఎడం ఇంగ్లిష్ కంటే ఎక్కువే ఉంచాలి. బంగారు రంగు గ్రేడియెంట్ (క్రమంగా మారే రంగు) మీద పసుపు గ్లో ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

రామభద్ర, మండలి వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. ఫోటోషాప్ పాత వెర్షన్లలో వాటి ఒత్తులు విడిపోతుంటే ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగాన్ని, అందులోని టెక్స్ట్ ఇంజిన్ (అక్షరాలను కూర్చే విధానం) ఎంపికను ఒకసారి సరిచూడాలి. ఖర్చు భరించలేని చిన్న షాపులకు ఉచిత సాఫ్ట్‌వేర్ గింప్ ఉంది. 2025లో వచ్చిన 3.0 వెర్షన్‌లో అక్షరాలకు అంచు గీత వేసే సదుపాయం కూడా చేర్చారు.

ఆర్డర్ ఇచ్చేవారు ప్రింటుకు ముందు డిజైన్‌ను సెల్‌ఫోన్‌లో బాగా చిన్నది చేసి, పేరు, తేదీ చదవగలుగుతున్నామో లేదో చూసుకోవాలని మనవి.

– ఒక పాఠకుడు, అమలాపురం