వీర్య పరీక్షలో ‘పస్ సెల్స్’ (చీము కణాలు) అని రాసేముందు

గౌరవనీయులైన సంపాదకులకు,

సంతానలేమి గురించి పత్రికల ఆరోగ్య పుటల్లో వచ్చే వ్యాసాల్లో స్త్రీలు చేయించుకోవలసిన స్కానింగులు, హార్మోన్ పరీక్షల ప్రస్తావన ఎక్కువగానూ, మగవారి జననాంగాలకు సోకే బ్యాక్టీరియా ప్రస్తావన చాలా తక్కువగానూ ఉంటోంది. మైక్రోబయాలజీ ల్యాబులో పనిచేస్తున్న వ్యక్తిగా ఈ లోటు నన్ను ఎంతో కలవరపెడుతోంది.

తనవేవో పరాయివేవో రోగనిరోధక వ్యవస్థ చాలావరకు పసితనంలోనే నేర్చుకుంటుంది. వీర్యకణాలు మాత్రం యుక్తవయసు వచ్చాక గానీ తయారు కావు. అందుచేత వాటిని పరాయివిగా భావించి శరీరం దాడికి దిగకుండా వృషణాల్లోని సెర్టోలీ కణాలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని అడ్డుగోడగా నిలుస్తాయి. వృషణం వెనుక అంటుకుని ఉండే ఎపిడిడిమిస్‌కు అంత గట్టి రక్షణ లేదు. ముడతలు విప్పి చాపితే సుమారు 6 మీటర్ల పొడవుండే ఈ సన్నని గొట్టంలోనే వీర్యకణాలు పరిపక్వమై కదలిక సంతరించుకుంటాయి. మూత్రమార్గం నుంచి వెనక్కి ఎగబాకే బ్యాక్టీరియా చేరేదీ ఎక్కువగా ఇక్కడికే. దీని గోడలోని కణాలు డిఫెన్సిన్లనే చిన్న ప్రోటీన్లను స్రవించి బ్యాక్టీరియా పొరను ఛేదిస్తాయి. మన హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ ఈ ప్రోటీన్ల మీద పరిశోధన జరిగింది.

ఆ తొలి రక్షణ చాలనప్పుడే అసలు నష్టం మొదలవుతుంది. ఇ.కోలై అనే బ్యాక్టీరియా పైపొరలోని లైపోపాలీశాకరైడ్ అనే పదార్థాన్ని గుర్తించిన వెంటనే అక్కడి కణాలు రసాయన సంకేతాలు పంపుతాయి, వాటిని అందుకుని తెల్ల రక్తకణాలు పెద్దసంఖ్యలో చేరుకుంటాయి. బ్యాక్టీరియాను చంపడానికి అవి వెదజల్లే చురుకైన ఆక్సిజన్ పదార్థాలు పక్కనున్న వీర్యకణాలను కూడా వదలవు. వీర్యకణంలో సైటోప్లాజం (కణం లోపలి జిగురు పదార్థం) బహు తక్కువ కాబట్టి దానికి ఆత్మరక్షణ సామర్థ్యమూ తక్కువే. పొర దెబ్బతింటుంది, కదలిక మందగిస్తుంది, డీఎన్‌ఏ తెగిపోతుంది. కొందరిలో సొంత వీర్యకణాల మీదే యాంటీబాడీలు పుడతాయి. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో యాంటీబయాటిక్‌తో బ్యాక్టీరియా నశించిన తరువాత కూడా ఎపిడిడిమిస్ చివరి భాగంలో కణజాలం గట్టిపడి గొట్టం పూడుకుపోవడం కనిపించింది. నొప్పి తగ్గింది కదా అని మందు మధ్యలో మానేసే యువకులకు ఈ సంగతి ఎవరైనా విడమరిచి చెప్పాలి.

ఇక మా ల్యాబుల సంగతి. వీర్యం చుక్కను స్లైడు మీద వేసి మైక్రోస్కోపులో చూస్తే, తోకలున్న వీర్యకణాల నడుమ గుండ్రని కణాలు కొన్ని కనిపిస్తాయి. వాటిలో తెల్ల రక్తకణాలూ ఉండవచ్చు, పూర్తిగా ఎదగకుండానే వృషణం నుంచి రాలిపడిన వీర్యమూల కణాలూ ఉండవచ్చు. రంగు వేయకుండా చూస్తే రెండూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. పెరాక్సిడేజ్ పరీక్ష చేస్తే తెల్లకణాల్లో ముఖ్యమైన న్యూట్రోఫిళ్లు గోధుమ రంగుకు మారతాయి, వీర్యమూల కణాలు మారవు. మిల్లీలీటరు వీర్యంలో ఇలా రంగు పట్టే కణాలు 10 లక్షలు దాటితే ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. ఈ చిన్న పరీక్ష చేయకుండానే గుండ్రని కణాలన్నింటినీ కలిపి ‘పస్ సెల్స్’ అని రాసే రిపోర్టులు ఎన్నో చూశాను. ఆ ఒక్క మాటతో ఇన్‌ఫెక్షన్ లేనివారికి వారాల తరబడి యాంటీబయాటిక్ మాత్రలు అందుతాయి. నిజంగా ఉన్నవారికి కూడా కల్చర్ (బ్యాక్టీరియాను ల్యాబులో పెంచి చూసే పరీక్ష) లేకుండా ఏదో ఒక మందు రాస్తే, అది ఆ బ్యాక్టీరియా మీద పనిచేస్తుందో లేదో తెలిసే మార్గం ఉండదు. లైంగికంగా సంక్రమించే క్లమీడియా అనే బ్యాక్టీరియా అయితే మామూలు కల్చర్‌లో పెరగదు, దాని జన్యుపదార్థాన్ని పట్టుకునే పీసీఆర్ తరహా పరీక్ష కావాలి. క్షయ కూడా ఎపిడిడిమిస్‌కు సోకుతుందన్న సంగతి మన దేశంలో మరవకూడదు.

ల్యాబులు నడిపేవారు పెరాక్సిడేజ్ పరీక్షను వీర్య పరీక్షలో భాగం చేయాలని, వైద్యులు దానిని అడిగి చేయించాలని నా మనవి. వీర్యకణం తయారు కావడానికి సుమారు 74 రోజులు, ఎపిడిడిమిస్ దాటడానికి మరికొన్ని రోజులు పడుతుంది కాబట్టి, చికిత్స ముగిసిన 3 నెలలకు భర్తకు మళ్లీ పరీక్ష చేయించాలి. ఇన్‌ఫెక్షన్ లైంగికంగా సంక్రమించేదైతే భార్యకూ అప్పుడే చికిత్స జరగాలి. వృషణంలో హఠాత్తుగా తీవ్రమైన నొప్పి వస్తే మాత్రం మందుల షాపుకు కాకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. అది ఇన్‌ఫెక్షన్ కాక వృషణం మెలిపడటం అయితే, దాన్ని కాపాడుకోవడానికి ఉండే వ్యవధి ఇంచుమించు 6 గంటలే. సిగ్గుతో ఆ సమయం దాటబెట్టే యువకులు చదివేలా, మీ ఆరోగ్య పుటలో ఒక యూరాలజీ నిపుణుడి చేత ఈ విషయాలను వివరంగా రాయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక మైక్రోబయాలజిస్టు, వరంగల్