ఆ కుండీని పారేయకు బిడ్డా

నల్లగొండ,
జనవరి 20

చిరంజీవి సౌమ్యకు,
అమ్మ ఆశీస్సులు.

"నువ్విచ్చిన మొక్కను చంపేశానమ్మా" అని నిన్న ఫోనులో నువ్వు అంటుంటే మనసు కలుక్కుమంది. నువ్వు చంపలేదు బిడ్డా, అది నిద్రపోయింది. ఫోనులో చెబితే సగం మరిచిపోతావని ఉత్తరం రాస్తున్నాను.

నర్సరీ వాళ్లు దాన్ని సయాం తులిప్ అంటారు గానీ తులిప్‌తో దానికి చుట్టరికమే లేదు. అది మన పసుపుకు చెల్లెలు. పసుపు చేను చూశావు కదా, సంక్రాంతి దాటేసరికి ఆకు ఎండి నేలకు వాలుతుంది. ఆకు ఎండిందని ఏ రైతూ దిగులుపడడు, గడ్డపార తీస్తాడు. ఇదీ అంతే. థాయ్‌లాండ్‌లో వానలకు పూసి, వానలు వెళ్లాక నేలలో దాక్కునే జాతి. పగటి పొద్దు తగ్గితే చాలు, ఎన్ని నీళ్లు పోసినా పడుకుంటుంది.

అందుకే ఇక నీళ్లు పోయకు. మొదటి ఏడాది నేనూ నీలాగే భయపడి చలికాలమంతా రోజూ చెంబెడు పోశాను. శివరాత్రి తర్వాత తవ్వి చూస్తే దుంప వేలు దిగబడేంత మెత్తగా ఉంది, ఒకటే కుళ్లు వాసన. ఆ పూట నాకు అన్నం సహించలేదు. ఇప్పుడైతే ఎండిన కాడలు కోసేసి, కుండీని నీడన ఒక మూలకు జరిపి వదిలేస్తాను.

ఏప్రిల్ చివర్లో మెల్లగా తవ్వు. చిటికెన వేలంత దుంప, దాని కింద సన్నని వేళ్లు, ఒక్కో వేరు చివర గుండ్రటి తెల్లని బుడిపె వేలాడుతుంటాయి. తిండీ నీళ్లూ అది ఎక్కువగా దాచుకునేది ఆ బుడిపెల్లోనే. అవి తెగితే మొలక నీరసంగా వస్తుంది, పువ్వు రాకపోవచ్చు. ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి, మొలక వచ్చే కన్ను పైకి ఉండేలా రెండంగుళాల లోతున పెట్టు. మొలక కనిపించేదాకా మట్టి కాస్త తడిగా ఉంటే చాలు. ఆ తర్వాత పొద్దుటి ఎండ పడే బాల్కనీలో ఉంచు. హాల్లో టీవీ పక్కన పెడితే ఆకులే తప్ప పువ్వు రాదు.

బోరు నీళ్ల విషయం మరిచిపోకు. మన కుండీల అంచున తెల్లగా పేరుకునే చార గుర్తుందా? ఆ ఉప్పుకే ఆకుల కొసలు మాడతాయి. మీ బాపు డాబా మీది వాన నీళ్లు డ్రమ్ముకు పట్టినప్పటి నుంచి మన మొక్కల ఆకు పచ్చగా నిలిచింది. నువ్వు కనీసం రెండు బకెట్ల వాన నీళ్లయినా పట్టుకో.

పువ్వు జాడీలో నిలవడం లేదన్నావు. మొగ్గగా కోస్తున్నావేమో. మనం పువ్వనుకునే ఆ గులాబీ దొప్పలు నిజానికి రంగు తిరిగిన ఆకులు. అసలు పూలు కింది దొప్పల్లో చిన్నగా, ఊదా రంగులో ఉంటాయి. అవి మూడు నాలుగు విచ్చుకున్నాక, పొద్దున్నే కాడను మొదలంటా కోసి వెంటనే నీళ్లలో పెట్టు. రోజు విడిచి రోజు నీళ్లు మార్చు. ఫ్రిజ్‌లో మాత్రం వద్దు, వేడి దేశపు పువ్వు ఆ చలికి నల్లబడుతుంది. మన ఇంట్లో పది రోజులు చెక్కుచెదరలేదు.

పోయిన బతుకమ్మకు తంగేడు, గునుగు వరుసలు పేర్చాక, పైన పసుపు గౌరమ్మ చుట్టూ ఇవే ఐదు పెట్టాను. అక్కచెల్లెళ్లను ఒకచోట కూర్చోబెట్టినట్టు అనిపించి చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. నువ్వు లేవు, అదొక్కటే వెలితి.

వచ్చే వారం తమ్ముడు హైదరాబాద్ వస్తున్నాడు. మన పెరట్లో నల్లా పక్కన సాయంత్రాలు గుప్పుమనే తెల్ల అల్లం పువ్వు ఉందే, దాని పిలక ఒకటి తడిగుడ్డలో చుట్టి పంపుతున్నాను. దానికి మాత్రం నీళ్లు ఆపకు.

మీ అమ్మ