ఫిలిప్పీన్స్ అంటే మేకులూ తుపానులేనా?

సంపాదకుల వారికి నమస్కారం.

ఏటా గుడ్ ఫ్రైడే మర్నాడు మీ పేపర్లో ఒకే రకం ఫొటో వేస్తున్నారు. ఫిలిప్పీన్స్‌లో పంపంగ అనే ప్రాంతంలో శాన్ పెడ్రో కుతుద్ అని ఒక ఊరు, అక్కడ ఒకాయన చేతులకి నిజం మేకులు కొట్టించుకుని సిలువ మీద ఉంటాడు, కింద రెండు లైన్లు రాస్తారు, అంతే. అది జరగడం నిజమే, 1960ల నుంచీ జరుగుతోంది. కానీ అక్కడి బిషప్పులు ఇలా చెయ్యొద్దు, ప్రార్థన చేసుకోండి, మారుమనస్సు పొందండి అని చెబుతూనే ఉన్నారు, ఆ మాట మాత్రం ఫొటో కింద ఎప్పుడూ రాదు. ఇక మిగతా ఏడాదంతా ఆ దేశం మనకి తుపాను వచ్చినప్పుడే గుర్తొస్తుంది. సుమారు 11 కోట్ల జనం, 10 మందిలో దాదాపు 8 మంది కతోలికులు, అలాంటి దేశం గురించి తెలుగు పాఠకుడికి అందుతున్నది ఇంతేనా అని బాధేసి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను గుంటూరు జిల్లాలో కతోలిక కుటుంబంలో పుట్టినదాన్ని. కువైట్‌లో నర్సుగా చాలా ఏళ్ళు చేశాను. హాస్టల్లో నా గదిలో ఉన్నది సెబు నుంచి వచ్చిన ఫిలిప్పీనో అమ్మాయి. వాళ్ళ నాన్న చేపలు పట్టేవాడు, ఇంట్లో చాలామంది పిల్లలు, ఆరో క్లాసుతో చదువు ఆపేయాల్సిన పరిస్థితి. అప్పుడు సిస్టర్స్ ఆఫ్ మేరీ అనే కన్యాస్త్రీల సభ సిస్టర్లు వాళ్ళ ఊరికి వచ్చి, పేదింటి పిల్లల్ని పరీక్ష పెట్టి ఎంపిక చేసుకుని, సెబు పక్కన తలిసాయ్‌లో ఉన్న వాళ్ళ బాలికల బడికి తీసుకెళ్ళారట. తిండి, బట్టలు, చదువు అన్నీ ఉచితం. హైస్కూలు చదువుతోపాటు కుట్టుపని కూడా నేర్పారు. బయటికొచ్చాక బట్టల ఫ్యాక్టరీలో మిషను కుడుతూ ఆ డబ్బుతో నర్సింగ్ చదివింది. ఆ బడులు పెట్టినాయన అలోషియస్ ష్వార్ట్జ్ అనే అమెరికా ఫాదర్. ముందు కొరియాలో అనాథ పిల్లలకోసం పనిచేసి, 1964లో ఆ సిస్టర్ల సభ స్థాపించి, 1985లో ఫిలిప్పీన్స్ వచ్చారు. శరీరం మొత్తం చచ్చుబడిపోయే జబ్బు వచ్చినా పని ఆపకుండా 1992లో మనీలాలోనే చనిపోయారు. ఆ బడిలో కట్టుబాట్లు చాలా గట్టివని, ఇంటికి పంపడం బాగా అరుదని, మొదట్లో రోజూ ఏడ్చేదాన్నని ఆ అమ్మాయే చెప్పింది. చిన్నపిల్లల్ని ఇంటికి అంత దూరంగా ఉంచడం నాకు నచ్చలేదు, ఆ మాట ఆమెతోనూ అన్నాను. కానీ ఆ బడి ఆమెను ఎలా తయారుచేసిందో పక్కనుండి చూశాను కాబట్టి చెబుతున్నా.

మా గదిలో ఒక మూల ఎప్పుడూ ఒక పెద్ద అట్టపెట్టె ఉండేది, నడుమెత్తు. బాలిక్‌బాయన్ బాక్స్ అంటారు వాళ్ళు, పరాయి దేశంలో ఉన్న ఫిలిప్పీనోలందరూ ఓడలో ఇంటికి పంపుకునే పెట్టె. జీతం వచ్చినప్పుడల్లా సబ్బులు, టూత్‌పేస్టులు, బీఫ్ డబ్బాలు, తువ్వాళ్ళు, చాక్లెట్లు కొని అందులో సర్దేది. నిండేసరికి నెలలు పట్టేది. దాంట్లో అడుగున ఒక సంచి వేరుగా కట్టి పెట్టేది, అది ఇంట్లోవాళ్ళకి కాదు, వాళ్ళ విచారణలో, అంటే వాళ్ళ ఊరి గుడి పరిధిలో, సత్యోపదేశానికి (మత పాఠాలకి) వచ్చే పిల్లలకి. నోటుబుక్కులు, పెన్సిళ్ళు, జడ పిన్నులు. నీకే అప్పులున్నాయి కదే అంటే, నన్ను చదివించిన వాళ్ళకి కూడా ఎవరో తెలియనివాళ్ళే డబ్బిచ్చారు కదా అనేది. ఇదేదో గొప్ప త్యాగమని ఆమె అనుకోలేదు, అన్నం తిన్నాక కంచం కడుక్కున్నట్టు చేసేసేది.

అసలు నేను చెప్పాలనుకున్నది శుక్రవారాల సంగతి. కువైట్‌లో సెలవు శుక్రవారం, అందుకని గుడికి జనం ఆ రోజే వస్తారు. సిటీలో కేథడ్రల్ ఆవరణ పొద్దున్నించీ ఇసకేస్తే రాలనట్టు ఉండేది, ఒక భాష పూజ అయ్యాక ఇంకో భాష వాళ్ళది. పూజ అయిన తర్వాత ఫిలిప్పీనో ఆడవాళ్ళు గుంపులుగా నీడన కూర్చునేవాళ్ళు. మొదట్లో కబుర్లనుకున్నా. దగ్గరికెళ్ళి చూస్తే ఒకామె చేతిలో నోటుబుక్కు. ఏ ఇంట్లో ఎవరు పనిచేస్తున్నారు, ఫోన్ నంబరు, పోయిన వారం మాట్లాడిందా, ఫోన్ లాగేసుకున్నారా, జీతం ఎన్ని నెలలది ఆగింది, అన్నీ అందులో ఉండేవి. రెండు మూడు వారాలు ఎవరి జాడా లేకపోతే వాళ్ళ ఎంబసీకి చెప్పేవాళ్ళు. ఇళ్ళలోంచి పారిపోయి వచ్చిన పనివాళ్ళకి ఆ ఎంబసీలో తలదాచుకునే చోటు ఉండేది, అక్కడున్నవాళ్ళకి ఈ గుంపే చందాలేసుకుని బట్టలూ సబ్బులూ పంపేది. నోటుబుక్కు పట్టుకున్న మనిషి కూడా ఒకరింట్లో పనిమనిషే. చిన్నప్పుడు ఊళ్ళో గుడి యూత్‌లో చేసిన పనే ఇక్కడా చేస్తున్నానని చెప్పింది. తుపాను వచ్చినప్పుడు ఏ గుడిసెలో ఎవరున్నారో రాసుకుని బియ్యం పంచడం ఆమెకి పదిహేనేళ్ళ వయసులోనే అలవాటట.

అదే ఆవరణలో మన కోనసీమ ఆడవాళ్ళూ, రాజంపేట, రాయచోటి వైపు ఆడవాళ్ళూ కనిపించేవాళ్ళు. పూజలో ఏడ్చేవాళ్ళు, కొవ్వొత్తి పెట్టేవాళ్ళు, ఒకరి కష్టం ఒకరికి చెప్పుకుని మళ్ళీ అదే ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళు. మనవాళ్ళ గురించి రాసుకునే నోటుబుక్కు ఎవరి దగ్గరా లేదు. 2018లో ఒక ఫిలిప్పీనో పనిమనిషి శవం కువైట్‌లో ఫ్రీజర్లో దొరికినప్పుడు ఫిలిప్పీన్స్ మొత్తం లేచింది, మనుషుల్ని పంపడం ఆపేశారు, అదే ఏడాది మే నెలలో రెండు ప్రభుత్వాలూ ఒప్పందం చేసుకున్నాయి. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు, ఫోన్ లాక్కోకూడదు అని అందులో రాయించారు. అది గుడి ఒక్కటే చేసింది అనను, ప్రభుత్వం చేసింది. కానీ ప్రభుత్వం దాకా గొంతు చేరాలంటే ముందు పేర్లు రాసుకున్నవాళ్ళు ఎవరో ఉండాలి కదా.

ఈ అలవాటు వాళ్ళకి ఎక్కణ్ణించి వచ్చిందా అని తర్వాత చదివి తెలుసుకున్నా. స్పెయిన్ వాళ్ళు ఏలుతున్న రోజుల్లో ఫిలిప్పీన్స్ ఆడపిల్లలకి కన్యాస్త్రీల మఠంలో చేరే అర్హత లేదు, అది తెల్లవాళ్ళకే. 1684లో మనీలాలో ఇగ్నాసియా దెల్ ఎస్పిరితు శాంతో అని 21 ఏళ్ళ అమ్మాయి, నాన్న చైనావాడు, అమ్మ స్థానికురాలు, పెళ్ళి వద్దని ఒక సూదీ ఒక కత్తెరా పట్టుకుని ఇల్లు వదిలి వచ్చేసింది. కుట్టుపని చేసి బతికింది. ఆమె దగ్గరికి ఇంకొంతమంది ఆడపిల్లలు చేరారు, కూలిపని చేసుకుంటూ, లేనప్పుడు పస్తులుంటూ కలిసి బతికారు. జాతి భేదం చూడకుండా అమ్మాయిల్ని చేర్చుకుని చదువూ పనీ నేర్పారు. ఈ రోజు రిలిజియస్ ఆఫ్ ద వర్జిన్ మేరీ అని ఉన్న సభ అదే, ఆ దేశంలో స్థానిక స్త్రీలకోసం పుట్టిన మొదటి సభ. మన పిల్లలు మెడిసిన్ చదవడానికి వెళ్ళిన దవావోలో కూడా వాళ్ళ యూనివర్సిటీ ఉంది. పైవాళ్ళు తలుపు వేసేస్తే బయట కూర్చుని ఏడవకుండా తనే ఒక ఇల్లు కట్టుకుంది చూడండి, దళిత వాడల్లోంచి వచ్చి మఠాల్లో చేరిన మన తెలుగు సిస్టర్లకి ఆ కథ చెప్పక్కర్లేకుండానే అర్థమవుతుంది.

ఇప్పటి మాట కూడా ఒకటి చెప్పాలి. మనీలాలో ఫ్లావియానో విల్యనుయేవ అనే ఫాదర్ ఉన్నారు. ఒకప్పుడు తనే డ్రగ్స్ వాడి బయటపడ్డ మనిషి. 2015లో రోడ్డు మీద పడుకునే వాళ్ళకోసం ఒక కేంద్రం తెరిచారు. అక్కడికి వచ్చినవాళ్ళు స్నానం చెయ్యొచ్చు, ఉతికిన బట్టలు కట్టుకోవచ్చు, కూర్చుని అన్నం తినొచ్చు. రోడ్డు మీద బతికే మనిషికి ఒంటిమీద శుభ్రమైన నీళ్ళు పడటం ఎంత పెద్ద సంగతో నర్సుగా నాకు తెలుసు. 2016 నుంచి డ్రగ్స్ మీద యుద్ధం పేరుతో వేలమంది పేదవాళ్ళని చంపేసినప్పుడు, వాళ్ళ భార్యల్నీ తల్లుల్నీ దగ్గరికి తీసినవాళ్ళలో ఆయనొకరు. అక్కడ పేదవాళ్ళకి సమాధి అంటే ఐదేళ్ళ అద్దె, కట్టకపోతే ఎముకలు తీసేస్తారు. ఆయన ఆ ఎముకల్ని మర్యాదగా తీయించి, ఫోరెన్సిక్ డాక్టరుకి చూపించి, దహనం చేయించి కుటుంబాలకి అప్పగించారు. జబ్బుతో పోయారని సర్టిఫికెట్లో రాసి ఉన్న కొందరి ఎముకల్లో తుపాకి దెబ్బలు బయటపడ్డాయి. ఆయన మీద కేసులు కూడా పెట్టారు. 2025లో ఆయనకి రామన్ మెగసెసే అవార్డు వచ్చింది, అదే ఏడాది మన దేశం నుంచి ఎడ్యుకేట్ గర్ల్స్ సంస్థకీ వచ్చింది. మనవాళ్ళ గురించి మన పేపర్లలో బాగానే రాశారు, సంతోషం. ఈ ఫాదర్ గురించి నేను చదివే పేజీల్లో ఒక్క పేరా కూడా కనపడలేదు.

అక్కడ అంతా బాగుందని నేను అనడం లేదు. లక్షల ఫీజులు గుంజే కతోలిక బడులు అక్కడా ఉన్నాయి, నాయకులతో రాసుకు పూసుకు తిరిగే ఫాదర్లూ ఉన్నారు. కానీ పిల్లల్ని తయారుచేసే పద్ధతిలో ఒకటి మాత్రం మనం నేర్చుకోవాలి. జెస్విట్ సభ ఫాదర్లు నడిపే డబ్బున్న కాలేజీలో చదివే పిల్లల్ని కూడా కొన్ని రోజులు జాలర్ల ఇంట్లోనో రైతు ఇంట్లోనో ఉండి రమ్మని పంపుతారు, వాళ్ళు తిన్నదే తినాలి, వాళ్ళతోపాటు పనికి వెళ్ళాలి. 1980 ప్రాంతం నుంచి జెస్విట్ వాలంటీర్లని ఉన్నారు, డిగ్రీ అయిన పిల్లలు ఒక ఏడాది మారుమూల ఊళ్ళో పాఠాలు చెప్పో, సహకార సంఘంలో పనిచేసో వస్తారు. ఆ దేశపు రెండో పునీతుడు (సెయింట్) పేద్రో కలుంగ్సోద్ కూడా ఫాదర్ కాదు, బ్రదర్ కాదు. ఫాదర్లతో గువామ్ దీవికి వెళ్ళిన కుర్ర ఉపదేశి, 1672లో అక్కడే చంపేశారు, అప్పటికి 17 ఏళ్ళు ఉంటాయంటారు. 2012లో పునీతుడిగా ప్రకటించారు. ఊరూరా ఉపదేశులే సత్యోపదేశం చెప్పి నిలబెట్టిన మన కృష్ణా, గుంటూరు పల్లెల్లో ఆ అబ్బాయి పేరు ఎంతమందికి తెలుసు?

మన విచారణల్లో యూత్ అంటే ఏం చేయిస్తున్నామో చూడండి. ఫ్లెక్సీలు కట్టడం, క్రిస్మస్‌కి పశువుల పాక వెయ్యడం, తిరునాళ్ళకి సౌండ్ బాక్సులు మొయ్యడం, క్రికెట్ టోర్నమెంటు. ఏడాదికోసారి మూడు రోజుల సదస్సు పెట్టి పొద్దున్నించీ సాయంత్రం దాకా ప్రసంగాలు. పిల్లలు ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు, వాళ్ళ తప్పేముంది? పదో క్లాసు అవ్వగానే దైవపిలుపు అని మఠానికో సెమినరీకో పంపేస్తాం, పేదవాడి ఇంట్లో వారం రోజులు ఉండి రమ్మని మాత్రం ఎవరూ చెప్పరు. మన దగ్గర మంచి పని లేదా అంటే ఉంది. విజయవాడలో సలేషియన్ ఫాదర్ల నవజీవన్ బాలభవన్ 1989 నుంచి రైల్వే స్టేషన్ పిల్లల్ని చేరదీస్తోంది. పక్క వీధుల్లోనే ఉన్న మన యూత్ పిల్లల్లో దాని గడప తొక్కినవాళ్ళు ఎందరు?

మిమ్మల్ని అడిగేది ఒకటే. వచ్చే తపస్కాలంలో, అంటే గుడ్ ఫ్రైడే ముందు ఉపవాస రోజుల్లో, ఆ మేకుల ఫొటో వేసే చోట వీళ్ళ పనిలో ఏదో ఒకటి రాయించండి. మన పీఠాధిపతుల్నీ (బిషప్పుల్నీ) విచారణ గురువుల్నీ మీ పేపర్ ద్వారా అడిగేది ఇంకొకటి. కోనసీమలో, అన్నమయ్య, కడప జిల్లాల్లో గల్ఫ్‌కి వెళ్ళిన ఆడవాళ్ళు లేని విచారణ ఉండదు. ప్రతిచోటా యూత్ పిల్లల చేత ఒక పుస్తకం తెరిపించండి. వెళ్ళినామె ఏ మతమైనా సరే పేరు, పాస్‌పోర్టు జిరాక్స్, పంపిన ఏజెంటు పేరు, అక్కడి యజమాని ఫోన్ నంబరు, ఇంటికి చివరిసారి ఎప్పుడు ఫోన్ చేసింది రాసి ఉంచమనండి. వారానికోసారి ఆ ఇళ్ళకి వెళ్ళి అడగమనండి. ఎవరి ఫోనైనా ఆగిపోతే కలెక్టరాఫీసుకీ ఎంబసీకీ ఆ కాగితాలతో వెళ్ళమనండి. దీనికి బిల్డింగ్ అక్కర్లేదు, ఫండ్స్ అక్కర్లేదు, ఈ ఆదివారం పూజ అయ్యాకే మొదలుపెట్టొచ్చు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ నర్సు,
గుంటూరు జిల్లా