ఆ ఇల్లు వేరు, మన ఇళ్లు వేరు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం అనుబంధంలో అమెరికన్ సినిమా 'జూనో' (2007) మీద మీరు వేసిన వ్యాసం చదివినప్పటి నుంచి మనసు మనసులో లేదు. పదహారేళ్ల పిల్లకు కడుపు రావడాన్ని నవ్విస్తూ చెప్పిన ఆ సినిమాకు స్క్రీన్‌ప్లే ఆస్కార్ వచ్చింది. మాటలు చురుగ్గానే ఉంటాయి, కాదనను. కానీ ఆ ఇంటిని చూసి మన తల్లిదండ్రులు నేర్చుకోవాలని రాసేశారే, అక్కడే ఒళ్లు మండింది.

ఆ పిల్ల విషయం చెప్పగానే సవతి తల్లి విటమిన్ మాత్రల మాట ఎత్తుతుంది. తండ్రి చెయ్యెత్తడు. దత్తత దంపతులు పేపర్ ప్రకటనలో దొరికిపోతారు. బిడ్డను ఇచ్చేశాక, ఆ బిడ్డకు తండ్రైన అబ్బాయితో కూర్చుని గిటార్ వాయించుకుంటుంది. వాడి చదువుకు, పరుగు పందేలకు పెద్దగా అడ్డం వచ్చిందేమీ లేదు. విమర్శకుడు నిలదీయాల్సింది దీన్ని కదా?

మన దగ్గర ప్రకటన చూసి బిడ్డను ఇచ్చేస్తే నేరం. బాలల సంక్షేమ కమిటీ ముందే అప్పగించాలి. పద్దెనిమిది నిండని పిల్ల ఆసుపత్రికి వెళ్తే పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో కింద డాక్టరు పోలీసులకు చెప్పాలి. ఆ భయంతోనే డాక్టరు చదువు లేని ఆర్‌ఎంపీల దగ్గరికి పోయి ప్రాణం మీదికి తెచ్చుకుంటారు. అబార్షన్ కోసం వచ్చిన మైనర్ కోరితే పేరు బయటపెట్టక్కర్లేదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సంగతి ఎవరికి చేరింది? వ్యాసంలో ఒక్క ముక్క లేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం అప్పటికే తల్లులో, గర్భవతులో. దేశం మొత్తం మీద 6.8. ఎక్కువమంది పెళ్లయినవాళ్లే కాబట్టి ఎవరికీ తప్పనిపించదు. నేను హైస్కూల్లో చెప్పే రోజుల్లో వేసవి సెలవులయ్యాక ఒక పిల్ల టీసీ కోసం వచ్చింది. మెడలో కొత్త పసుపుతాడు, యూనిఫాం కాలరుకు అంటుకున్న పసుపు. లెక్కల్లో క్లాస్ ఫస్ట్. ఆ పెళ్లికి ఊరి పెద్దలంతా వెళ్లి భోంచేసి వచ్చారు.

అధికారులు బాలికా దినోత్సవం నాడు ర్యాలీ తీసి ఫొటోలు దిగుతారు, అవి మీ జిల్లా పేజీలోనే వస్తాయి. మే నెల ముహూర్తాలకు ఒక్కరూ కనపడరు. స్కూళ్లలో ఆడపిల్లలతో మాట్లాడే కౌన్సిలర్ ఏరి? ప్రత్యుత్పత్తి పాఠం వస్తే ఇంట్లో చదువుకోండని దాటేసే టీచర్లను నేనే చూశాను.

సినిమాల గురించి రాయొద్దనడం లేదు. మీ రచయితను ఒకసారి ప్రభుత్వాసుపత్రి కాన్పుల వార్డుకు కూడా పంపండి. అక్కడి పిల్లలకూ ఆదివారం అంతే పేజీ ఇవ్వండి.

— ఒక రిటైర్డ్ టీచరు, బ్రాడీపేట, గుంటూరు