కార్యదర్శి వార్షిక నివేదిక, 2024–25 (తల్లిదండ్రుల సంఘం, కడప)

గౌరవ సభ్యులకు నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని నిబంధనావళిలో ఉంది, చదువుతున్నాను. చదవకపోతే ఈ ఏడాది పనంతా ఎవరు మోశారో తెలియకుండా పోతుందన్నది ఇంకో కారణం.

నోటుపుస్తకాల పంపిణీ, బాలల దినోత్సవం వ్యాసరచన పోటీ, ఎండాకాలం చలివేంద్రం ఎప్పటిలాగే జరిగాయి. ఏటా చెప్పేదే కాబట్టి వాటిని వదిలేసి ల్యాప్‌టాప్‌ల సంగతికి వస్తాను.

తరగతి గదిలో పిల్లలకు ల్యాప్‌టాప్ ఇవ్వాలా వద్దా అని పోయిన సర్వసభ్య సమావేశంలో గంటన్నర గొడవపడ్డాం, గుర్తుండే ఉంటుంది. అరిచేకంటే చేసి చూద్దామన్నారు అధ్యక్షులు. సభ్యుల ఇళ్లలో మూలనపడ్డ ల్యాప్‌టాప్‌లు పోగేస్తే పదకొండు తేలాయి. ఉపాధ్యక్షుల అబ్బాయి, వాళ్ల స్నేహితుడు కలిసి రెండు ఆదివారాలు కూర్చుని, పాత యంత్రాల మీదా నడిచే ఉచిత సాఫ్ట్‌వేర్ లినక్స్ ఎక్కించి తొమ్మిదింటికి ప్రాణం పోశారు. ఒక ప్రభుత్వ హైస్కూల్లో తొమ్మిదో తరగతికి శనివారాలు తీసుకెళ్లాలనుకున్నాం. అనుమతి కాగితం కోసం ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగాం. "ఫైలు పైన ఉంది" అన్నారు. పైన అంటే ఏ అంతస్తో చెప్పలేదు. ఐదోసారి మన కోశాధికారి టిఫిన్ క్యారియర్‌తో పోయి బల్ల ముందు కూర్చున్నారు. మధ్యాహ్నానికి సంతకం పడింది.

మొదటి శనివారం సైన్స్ పాఠం, వృక్షకణం. తొమ్మిది మంది ల్యాప్‌టాప్‌లో, మిగతావాళ్లు పుస్తకంలో రాసుకున్నారు. టీచరమ్మ చెప్పింది చెప్పినట్టు కొట్టుకుంటూ పోయారు మన ల్యాప్‌టాప్ వీరులు. బోర్డు మీద కణం బొమ్మ గీయగానే ఆగిపోయారు. "సార్, బొమ్మ ఎట్ల కొట్టాల?" అని ఒకడు. రెండో వరసలో ఇంకొకడు పేకాట తెరిచాడు. వాడు చెడిపోతే ఒక్కడే, కానీ వెనక బెంచీలో నలుగురి కళ్లూ వాడి తెర మీదే. కెనడాలో చేసి 2013లో అచ్చేసిన ఒక పరిశోధన సరిగ్గా ఇదే చెప్పిందని తర్వాత తెలిసింది: పక్కవాడి తెర చూస్తూ కూర్చున్నవాడికీ మార్కులు తగ్గాయట.

మూడో శనివారం తెలుగు. మీ వీధి గురించి ఒక పేరా రాయమన్నారు మాస్టారు. ఒక పాప ‘పక్షి’ దగ్గర ఆగి, "సార్, ష వత్తు యాడుంది?" అని కీబోర్డంతా వెతికింది. వత్తులకు వేరే మీట ఉండదు, క కొట్టి, పొల్లు కొట్టి, ష కొట్టమన్నాం. అక్షరం తెర మీద కలిసిపోవడం చూసి ఆ పాప మొహం చూడాలి! ఆ పేరాను నాలుగుసార్లు తిరగరాసింది. పుస్తకంలో అయితే ఒక్కసారి కొట్టేసి దిద్దడానికే ఒళ్లు బరువయ్యేది. నా మటుకు తేలిందిదే: పాఠం వినేటప్పుడు మూత వేసుండాలి, రాసింది దిద్దుకునేటప్పుడు తెరవాలి.

డిసెంబర్‌లో ఎర్రముక్కపల్లిలో, బ్రౌన్ గ్రంథాలయానికి కూతవేటు దూరంలో మన సభ్యుని మేడ మీద చర్చ పెట్టాం. ఈ ఏడాదికి మన గొప్ప ఇదే. కుర్చీలు చాలక జనం పిట్టగోడ మీద కూర్చున్నారు. స్వీడన్ 2023లో మళ్లీ అచ్చు పుస్తకాల వైపు తిరిగిందని ఒక రిటైర్డ్ లెక్చరర్ అంటే, తమిళనాడు 2011లోనే విద్యార్థులకు ఉచితంగా ల్యాప్‌టాప్‌లు పంచిందని ఇంకొకరు. మన ప్రభుత్వమే 2022 డిసెంబర్‌లో ఎనిమిదో తరగతికి ట్యాబ్‌లు ఇచ్చింది కదా అన్నారు మరొకరు. అందరినీ ఆపింది ఒక తల్లి. "పదో తరగతి పరీక్ష పెన్నుతో రాయాల. ఇంటరైనాక ఎంసెట్ 2017 నుంచీ కంప్యూటర్ మీదే రాయాల. రెండూ రాకుంటే నా బిడ్డ యాడికి పోవాల?" అంది. ఎవరూ జవాబు చెప్పలేదు. 1820లో కడపకొచ్చి పండితులతో తాళపత్రాల్లోని కావ్యాలను కాగితాల మీదికి చేత్తో ఎత్తి రాయించిన బ్రౌన్ దొరకు ఒక ల్యాప్‌టాప్ ఉండుంటేనా అని ఎవరో అన్నాక గానీ సభ మళ్లీ కదల్లేదు.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, పట్టిక నోటీసు బోర్డులో ఉంది. బ్యాటరీలకు అనుకున్నదానికంటే ఎక్కువైంది, అంతే.

మేడ ఇచ్చిన సభ్యునికి, చర్చ రోజు కారం దోశలు పోసిన మహిళా సభ్యులకు, పొద్దున ఆరింటికే ఆటోలో ల్యాప్‌టాప్‌లు మోసిన ఇద్దరు కుర్రాళ్లకు, పాఠం మధ్యలో మమ్మల్ని భరించిన టీచర్లకు కృతజ్ఞతలు. శనివారాలు వస్తామని పేరిచ్చింది పద్నాలుగు మంది, వచ్చింది నలుగురు. పేర్లు చదవను. ఫొటోల రోజు మాత్రం పద్నాలుగు మందీ ఉన్నారని మినిట్స్‌లో రాయించాను.

వచ్చే నెల మొదటి శనివారం మళ్లీ మొదలుపెడుతున్నాం. తొమ్మిది ల్యాప్‌టాప్‌లకు ఆరే చార్జర్లు మిగిలాయి. మిగతా మూడూ ఎవరింట్లో ఉన్నాయో వాళ్లే కోశాధికారికి ఇచ్చి రసీదు తీసుకోవాలి.

ఇట్లు,
కార్యదర్శి